గరిటె ఎవరు పట్టుకుంటారు?

మొన్న ఆదివారం మా చర్చి సంఘంలో మళ్లీ మార్త, మరియల ప్రసంగం. బైబిల్లో ఈ అక్కచెల్లెళ్ల ఇంటికి యేసు ప్రభువు వస్తాడు. మార్త వడ్డన పనిలో మునిగిపోతుంది, చెల్లి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంది. నేనొక్కదాన్నే చేస్తున్నాను, సాయం చెయ్యమని చెల్లికి చెప్పమని మార్త అడిగితే, నువ్వు చాలా వాటి గురించి విచారపడి తొందరపడుతున్నావు, మరియ మంచిది ఎంచుకుందంటాడు ప్రభువు. విశాఖ కంచరపాలెంలో మా మందిరం వెనక రేకుల షెడ్డు కింద సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి పప్పు ఉడుకుతోంది. "మార్తలా పనుల్లో కొట్టుకుపోకండి, మరియలా పాదాల దగ్గర కూర్చోండి" అని స్పీకర్లో వినబడుతోంది. ఆ మాట ఎవరికి తగలాలి? పొద్దున్న ఆరింటికే వచ్చి రెండొందలమందికి వండుతున్న మా నలుగురికేగా! మాలో పెద్దావిడని అందరం అప్పా అంటాం. కళ్లద్దాలకి పట్టిన ఆవిరి కొంగుతో తుడుచుకుని, స్పీకరు కేసి చూసి, "నీ మాట ఇంతన్నాన్లే నాయనా, మరి గరిటె ఎవులు పట్టుకుంతారు?" అంది. అందరం నవ్వేశాం. ఇంటికెళ్లాక మాత్రం నాకు ఒళ్లు మండింది.

ఒంటిగంటకి ఆ ప్రసంగం చెప్పినాయనే "ఇంకొంచెం పప్పు వెయ్యమ్మా" అన్నారు. వేశాను. మంచాయనే, అది వేరే సంగతి.

లూకా సువార్త 10వ అధ్యాయంలో ఈ మార్త కథకి ముందున్నది మంచి సమరయుడి ఉపమానం. గాయాలతో పడి ఉన్నవాణ్ణి చూసి పక్కనుంచి పోయినవాళ్లు యాజకుడూ, లేవీయుడూ. అంటే దేవాలయం మనుషులే! ఆగి సాయం చేసింది సమరయుడు. నువ్వూ వెళ్లి ఆ సమరయుడిలా చెయ్యమని చెప్పిన ప్రభువు, పది వచనాలు తిరక్కుండా వంట తప్పంటాడా? ఆయన అన్నది మార్త విచారం గురించి, తొందర గురించి. యోహాను 12లో మళ్లీ విందు. మార్త మళ్లీ వడ్డిస్తూనే ఉంది, ఒక్కరూ కిమ్మనలేదు. ఈసారి ప్రభువు పాదాలకి పూసి అత్తరు వృథా చేసిందని మాటపడింది మరియ! అపొస్తలుల కార్యములు 6లో విధవరాళ్లకి భోజనం పంచే పనికి ఆత్మతో, జ్ఞానంతో నిండినవాళ్లని వెతికి ఏడుగురిని ఏర్పరచారు. ఏడుగురూ మగవాళ్లే. ఈ ముక్క మాత్రం మా స్పీకర్లో ఇంతవరకూ వినలేదు.

అలాగని కూర్చుని ధ్యానించడం పనిలేనివాళ్ల పని అనను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు మన విశాఖ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తల అనువాదానికి కూర్చున్నారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. వాళ్లు తెలుగు చేసినవాటిలో లూకా కూడా ఉంది. మార్త కథని ఈ ఊళ్లో కూర్చునే తెలుగు చేశారన్నమాట. ఒకచోట కుదురుగా కూర్చోకపోతే అది అయ్యేదా?

నా సంగతే చెప్తాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను వచ్చింది కూడా ఆదివారమే. ఆ తర్వాత కరెంటు లేదు, పాలు లేవు, రోడ్ల నిండా చెట్లు. పులిహోర కలిపి, వీధివీధికీ తిరిగి పొట్లాలు పంచాం. మంచి పనే. కానీ అన్ని రోజులూ బైబిలు తెరవలేదు, మోకాళ్లూనలేదు. పైగా మనసులో ఒక చిట్టా మొదలైంది: ఎవరు రాలేదు, ఎవరు ఫోటో దిగి వెళ్లిపోయారు, ఎవరు చేతికి మట్టి అంటనివ్వలేదు. ఒక రాత్రి కొవ్వొత్తి వెలుగులో మా చెల్లి ప్రార్థనలో ఉంటే, "నువ్వలా కూర్చో, చాకిరీకి నేనున్నానుగా" అని అరిచాను. అరిచాక తెలిసింది, అచ్చం మార్త మాటే అనేశానని. చెల్లి ఏమీ అనకుండా లేచి అంట్లు తోమడం మొదలెట్టింది. నాకు అదింకా సిగ్గనిపించింది.

అందుకే మార్తని మందలించే ముందు ఆమె చేతిలో గరిటె ఎవరైనా అందుకోండి అంటున్నాను. ఈమాటే సంఘపెద్దలకి చెప్పాను. నిన్న యూత్ కుర్రాళ్లు నలుగురు వంటకి దిగారు. అన్నం అడుగంటింది, పర్లేదు. అప్పని తీసుకెళ్లి మూడో వరసలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను. వాక్యం మొదలై పది నిమిషాలైందో లేదో, నా చెవి దగ్గరికొచ్చి, "ఉప్పు చూసొత్తానే" అని లేవబోయింది. కొంగు పట్టుకుని కూర్చోబెట్టాను.