రోగి చేతులు మారే చోట

ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనానికి హైదరాబాద్ గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 2,000 పడకలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. సనత్‌నగర్, అల్వాల్, ఎల్బీనగర్ టిమ్స్ (తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్) ఆస్పత్రులను కలుపుకుంటే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. సంతోషమే. అయితే రోగిని ఆ పడక మీదికి చేర్చేవాళ్లు, ఒక వార్డు నుంచి మరో వార్డుకు మార్చేవాళ్లు, నయమయ్యాక ఆటో ఎక్కించి వచ్చేవాళ్లు ఎందరు కావాలి, వాళ్లకు ఏం నేర్పాలి అన్న మాట మాత్రం పెద్దగా వినపడటం లేదు. పడకల కంటే ముందు తేల్చాల్సింది ఈ లెక్కేనని మేం అనుకుంటున్నాం.

మూడేళ్ల జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమానో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లు స్టాఫ్ నర్సులు. వాళ్లకు చేదోడుగా ఉండేవాళ్లు నర్సింగ్ అసిస్టెంట్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో జీడీఏ (జనరల్ డ్యూటీ అసిస్టెంట్)లంటారు, సర్కారు దవాఖానాల్లో పేషెంట్ కేర్ అంటారు. రోగులకు మాత్రం వాళ్లు ఆయమ్మ, భయ్యా. సర్కారు దవాఖానాల్లో వీళ్లు చాలావరకు ఏజెన్సీల కింద ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్నవాళ్లే. మందు ఇవ్వడం, ఇంజెక్షన్ చేయడం, రోగి పరిస్థితిని అంచనా వేయడం వీళ్ల పని కాదు, కాకూడదు కూడా. కానీ రోగి ఒక చేతి నుంచి మరో చేతికి మారే ప్రతిసారీ పక్కన ఉండేది వీళ్లే. ఆస్పత్రుల్లో పొరపాట్లు తరచుగా దొర్లేదీ అక్కడే.

అడ్మిషన్ సంగతే చూద్దాం. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన పెద్దమనిషిని వార్డులో పడుకోబెట్టి, బరువు చూసి, చేతికి పేరున్న పట్టీ కట్టి, బాత్రూం ఎటో, అవసరమైతే ఎవర్ని పిలవాలో చెప్పేది అసిస్టెంటే. ఆపరేషన్ ఉన్న ఆడమనిషి అయితే మంగళసూత్రం, మెట్టెలు, ముక్కుపుడక తీయించి, రాసి, ఇంటివాళ్ల చేతికిచ్చి సంతకం పెట్టించుకోవాలి. కట్టుడు పళ్లు, కళ్లజోడు, చెవి మిషన్ కూడా ఆ కాగితం మీదికి ఎక్కాలి. ఆ కాగితం లేని చోట తర్వాత జరిగే గొడవ ఎలా ఉంటుందో వార్డుల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

పేరు అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు, ముగ్గురు మహ్మద్‌లు ఉండటం మన ఊళ్లో మామూలే. ‘నువ్వు లక్ష్మమ్మవే కదా?’ అని అడిగితే మగతలో ఉన్న ముసలామె దేనికైనా తల ఊపుతుంది. ‘అమ్మా, నీ పేరేంది?’ అని అడిగి, ఆమె నోటితో చెప్పించి, పట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూడాలి. ‘ఆరో నంబర్ బెడ్డు’ అనే గుర్తును నమ్ముకుంటే, రోగి ఆ మంచం మారిన రోజున ఒకరికి తీయాల్సిన ఎక్స్‌రే మరొకరికి తీస్తారు.

ఇంకోటి. డాక్టర్ ముందు నోరు విప్పని కుటుంబాలు ఆయమ్మ దగ్గర విప్పుతాయి. మొన్న బాత్రూంలో జారి పడ్డాడనీ, ఊళ్లో నాటుమందు తాగించామనీ, రెండు రోజులుగా ఒంటేలు సరిగా రావడం లేదనీ ఆమెకే చెబుతారు. తెలుగు రాని అమ్మీజాన్ బాధను ఉర్దూలో విని సిస్టర్‌కు తెలుగులో చెప్పేదీ చాలాసార్లు ఆమే. ఆ మాట వెంటనే సిస్టర్ చెవిన పడితే కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది, వైద్యం దారి మారుతుంది. ‘నువ్వెవరు చెప్పడానికి’ అని కసిరే వార్డులో రెండోసారి ఎవరూ చెప్పరు. ఆ నష్టం రోగికే.

రోగిని మార్చే పని ఇంకా కష్టమైంది. 2020 జులైలో ఉస్మానియా పాత భవనంలోకి వాన నీళ్లు వచ్చి, రోగుల్ని పక్క బ్లాకులకు తరలించాల్సి వచ్చినప్పుడు ఆ పని ఎంత బరువైందో నగరమంతా చూసింది. వాన లేని రోజున కూడా వార్డుకూ స్కానింగ్‌కూ మధ్య ఉన్న దూరం దూరమే. కొడుకు స్ట్రెచర్ తోస్తుంటే, కోడలు సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని పక్కనే పరిగెత్తే దృశ్యానికి మనం ఎంతగా అలవాటు పడిపోయామంటే, అది తప్పని కూడా అనిపించడం లేదు. అది తప్పే.

ఎందుకంటే, యూరిన్ బ్యాగ్‌ను రోగి పొట్ట మీద పెట్టి తోసుకుపోతే అందులోని మూత్రం పైపులోంచి వెనక్కి పోయి ఇన్‌ఫెక్షన్ వస్తుందని కొడుకుకు తెలియదు. బ్యాగ్ ఎప్పుడూ పొట్టకు కిందుగా వేలాడాలని, నేలకు తగలకూడదని శిక్షణ పొందిన అసిస్టెంట్‌కు తెలుస్తుంది. బయల్దేరే ముందే ఆక్సిజన్ సిలిండర్ మీటర్ చూడాలి, లిఫ్ట్ దగ్గర ఆగినప్పుడు బ్రేక్ వేయాలి, పక్క కడ్డీలు ఎత్తి ఉంచాలి. పక్షవాతం రోగిని వీల్‌చైర్‌లోకి మార్చేటప్పుడు కుర్చీని చేయీ కాలూ పనిచేసే వైపు పెట్టాలి. ఎక్కువ రోజులు పడుకున్న మనిషిని ఒక్కసారిగా లేపకుండా మంచం అంచున కాసేపు కూర్చోబెట్టాలి, లేకపోతే కళ్లు తిరిగి పడిపోతాడు. లావుపాటి రోగిని ఒక్కరే ఎత్తబోతే రోగి పడతాడు, ఎత్తినవాళ్ల నడుమూ పోతుంది. తీసుకెళ్లిన చోట రోగిని వరండాలో వదిలి తిరిగి రాకూడదు. కేస్ షీట్‌తో సహా అక్కడి సిస్టర్‌కు అప్పగించి, ఆమె రోగిని చూశాకే కదలాలి.

డిశ్చార్జ్ విషయానికి వస్తే, పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ ‘ఇంటికి పోవచ్చు’ అంటాడు. ఆరోగ్యశ్రీ కాగితాలు, బిల్లు, మందులు అన్నీ అయ్యేసరికి పొద్దుగూకుతుంది. అప్పటికి షిఫ్ట్ మారిపోయి ఉంటుంది. చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే చిన్న గొట్టం) ఉండగానే రోగి ఇల్లు చేరడం ఇలాంటి సాయంత్రాల్లోనే జరుగుతుంది. క్యాన్యులా తీయడమూ, మందులు ఎలా వాడాలో చెప్పడమూ నర్సు పని. ‘సిస్టర్, ఇంకా తీయలేదు’ అని గుర్తుచేసి, అడ్మిషన్ నాటి జాబితా ప్రకారం సామాన్లు అప్పగించి, గేటు దాకా వీల్‌చైర్‌లో తీసుకెళ్లడం అసిస్టెంట్ పని. ఇంటి దగ్గర చూసుకునే దిక్కు లేదని మాటల్లో తెలిస్తే రోగి గడప దాటకముందే ఆ సంగతి చెప్పాలి. బిల్లు కట్టలేదని రోగిని ఆపేయడం తప్పని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. అయినా ప్రైవేటు ఆస్పత్రుల్లో అలా ఆపినప్పుడు, ఆ నిర్ణయంతో ఏ సంబంధమూ లేని అసిస్టెంటే మంచం పక్కన నిలబడి తిట్లు తింటోంది.

మామూళ్ల మాట ఎత్తకుండా ఈ చర్చ పూర్తి కాదు. స్ట్రెచర్ కదలాలంటే ఇంత, మగపిల్లాడు పుడితే ఇంత, ఆడపిల్ల అయితే ఇంత అని వసూలు చేయడం క్షమించరాని పని. నొప్పులతో వచ్చిన పేదింటి అమ్మాయి దగ్గర చేయి చాచినవాళ్లను వెనకేసుకు రావాల్సిన అవసరం ఎవరికీ లేదు. కానీ జీతాలు నెలల తరబడి రావడం లేదని ఔట్‌సోర్సింగ్ సిబ్బంది రోడ్డెక్కడం ఈ నగరానికి కొత్త కాదు. ఏజెన్సీ ఎగ్గొట్టిన జీతం భారం చివరికి రోగి జేబు మీదే పడుతోంది. వసూళ్లపై ఫిర్యాదు వస్తే చర్య తీసుకోవాలి, జీతం ఆపిన ఏజెన్సీ కాంట్రాక్టునూ రద్దు చేయాలి. రెండూ కలిసి జరగాలి.

ప్రభుత్వం చేయాల్సిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవేం కాదు. వార్డులో అడుగుపెట్టే ముందే శిక్షణ, చేయాల్సిన పనులూ చేయకూడనివీ రాసిన కాగితం తెలుగులో, ఉర్దూలో, మెడలో పేరున్న కార్డు, నెల మొదటి వారంలో నేరుగా ఖాతాలోకి జీతం. రోగిని తరలించే చీటీలో ఇచ్చిన సిస్టర్, పుచ్చుకున్న సిస్టర్ సంతకాల పక్కన తీసుకెళ్లిన అసిస్టెంట్ సంతకానికీ ఒక గడి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం మనుషుల సంఖ్య, అందులోనూ రాత్రి షిఫ్ట్‌లో. ఎన్ని పడకలకు ఎందరు అసిస్టెంట్లు ఉండాలో వైద్య ఆరోగ్య శాఖ నిర్ణయించి, గోషామహల్ ఆస్పత్రికీ టిమ్స్‌లకూ డాక్టర్లు, నర్సుల పోస్టులతో పాటే ఈ పోస్టులనూ మంజూరు చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. గాంధీ, నిలోఫర్, పేట్లబుర్జు వార్డుల్లో అందుకోసం కొత్త భవనాల దాకా ఆగనక్కర్లేదు.