కొండ కింద ఆగిపోయిన ప్రశ్న

రాత్రివేళ విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్నవారికి సూర్యుడు కనబడడు. అయినా సూర్యుడిలో పుట్టిన న్యూట్రినోలు, అంటే విద్యుదావేశం లేని అతి తేలికైన కణాలు, భూగోళాన్ని దాటుకుని, కింది నుంచి పైకి, వారి ఒంట్లోంచి దూసుకుపోతూనే ఉంటాయి. బొటనవేలి గోరంత చోటులో సెకనుకు సుమారు 6,500 కోట్లు!

దేన్నీ అంటకుండా సాగిపోయే ఈ గుణమే వాటిని విలువైన సాక్షులను చేసింది. మహావిస్ఫోటం తర్వాత వెలుగు స్వేచ్ఛగా కదలడానికి దాదాపు 3,80,000 ఏళ్లు పట్టింది. న్యూట్రినోలకు ఒక్క సెకను చాలింది. నాటివి ఈనాటికీ ప్రతి ఘన సెంటీమీటరులో 330 దాకా ఉన్నాయని లెక్క. శక్తి మరీ తక్కువ కావడంతో ఒక్కదాన్నీ ఎవరూ నేరుగా పట్టుకోలేకపోయారు. కంటికి కనబడకుండా, గురుత్వాకర్షణతోనే తన ఉనికి తెలిపే కృష్ణ పదార్థం సంగతీ వీటితో ముడిపడిందే. మామూలు పదార్థానికి అయిదు రెట్లున్న ఆ పదార్థపు కణాలు సూర్యగర్భంలో పోగై ఒకదాన్నొకటి హరించుకుంటుంటే, ఆ కబురు బయటికి మోసుకురాగలిగేవి న్యూట్రినోలే. దక్షిణ ధ్రువం దగ్గర ఘన కిలోమీటరు మంచులో అమర్చిన ఐస్‌క్యూబ్, జపాన్‌లో 50 వేల టన్నుల నీటితో నిండిన సూపర్ కామియోకాండే ఆ కబురు కోసమూ కాచుకుని ఉన్నాయి. ఇంతవరకు రాలేదు. రాకపోవడమూ సమాచారమే. కృష్ణ పదార్థం ఏది కాదో దానివల్ల ఒక్కొక్కటిగా తేలుతోంది.

ఈ వేటలో మనం ముందున్నవాళ్లం. గాలిపొరల్లో పుట్టే న్యూట్రినోలను 1965లో, ప్రపంచంలోనే తొలిసారి పసిగట్టిన చోట్లలో కోలార్ బంగారు గని ఒకటి. ఆ వారసత్వంతోనే తమిళనాడులోని తేని జిల్లా బోడి కొండల కింద, ఇతర కణాల రొదను రాయి అడ్డుకునే చోట, న్యూట్రినో పరిశోధనశాలకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గం సుమారు రూ.1,500 కోట్లతో ఆమోదం తెలిపింది. దాని గుండెకాయ 50 వేల టన్నుల అయస్కాంతపు ఇనుము. ఉక్కు కరిగే ఊరివాళ్లం, అదెంత బరువో మనకు వేరే చెప్పనక్కర్లేదు. అభ్యంతరాలు, కేసుల మధ్య ఆ పని ఆగిపోయింది. న్యూట్రినోలు ఒంటికి హాని చేస్తాయన్న భయానికి ఆధారం లేదు. కొండ తవ్వితే ఊటలు ఎండుతాయన్న రైతు భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. ఈలోగా, మూడు రకాల న్యూట్రినోల ద్రవ్యరాశుల వరుస (ఏది బరువు, ఏది తేలిక) తేల్చేందుకు చైనాలో జూనో అనే భూగర్భ పరిశోధనశాల 2025 ఆగస్టులో పని మొదలుపెట్టింది. మనం తేల్చాలనుకున్నదీ అదే.

అయినా న్యూట్రినోను, దాని ప్రతికణమైన యాంటీ న్యూట్రినోను విడదీసి చూడగల మన పరికరానికి పని మిగిలే ఉంది. కేంద్రం ఉన్నచోటే కడుతుందో, చోటు మారుస్తుందో తేల్చి చెప్పాలి. బోడి కొండల్లోని చార్నోకైట్ అనే గట్టి రాయి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. పాడేరు, అరకు వైపు చూడమని అడగడం న్యాయమే. కానీ అవి గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన అయిదో షెడ్యూలు ప్రాంతాలు. సర్వే బృందం కంటే ముందు విశ్వవిద్యాలయ అధ్యాపకులు గ్రామసభకు వెళ్లాలి. ఎంత రాయి తవ్వుతారు, ఎక్కడ పోస్తారు, ఊటలకేమవుతుంది అన్నవాటికి కాగితం మీద జవాబివ్వాలి. గిరిజనులు వద్దంటే వెనక్కి రావాలి. స్వామి జ్ఞానానంద పునాది వేసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ అణు భౌతిక శాస్త్ర విభాగం ఇందుకు పెద్దరికం వహించాలని మేం కోరుతున్నాం.