స్టాప్‌వాచ్ కొలవని అడ్డంకి

2025 సీజన్‌కు ఫార్ములా వన్ కార్ల రేసింగ్‌లోని హాస్ టీమ్ లారా ముల్లర్‌ను తమ డ్రైవర్ ఎస్తెబాన్ ఓకాన్‌కు రేస్ ఇంజినీర్‌గా, అంటే రేసు సాగుతుండగా డ్రైవర్‌తో రేడియోలో మాట్లాడుతూ కారు బాధ్యత చూసుకునే ఇంజినీర్‌గా నియమించింది. ఫార్ములా వన్‌లో ఒక మహిళకు పూర్తిస్థాయిలో ఆ బాధ్యత దక్కడం అదే మొదటిసారి. అందరూ చప్పట్లు కొట్టారు. ఛాంపియన్‌షిప్ మొదలైంది 1950లో. అంటే 75 ఏళ్లు పట్టింది. చప్పట్ల కంటే ముందు అడగాల్సింది ఆ ఆలస్యం గురించే.

అమ్మాయిలు మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరేదే తక్కువ, పైగా ఇక్కడ ప్రతిభను తేల్చేది స్టాప్‌వాచ్ ఒక్కటే అని కొందరి వాదన. చేరేవాళ్లు తక్కువన్నది నిజమే. కానీ స్టాప్‌వాచ్ కారు వేగాన్ని చూపిస్తుంది గానీ, ఆ కారును ఎవరి చేతికివ్వాలో నిర్ణయించే బాస్ మనసులో ఏముందో చూపించదు.

చేతికిచ్చిన చోట ఏం జరిగిందో చూద్దాం. 2011లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్ 24 గంటల రేసు, ఇది ఫార్ములా వన్‌కు బయటిది. ఆడీ కంపెనీ మూడు కార్లు దింపితే రెండు ఘోర ప్రమాదాల్లో నుజ్జయ్యాయి. మిగిలిన ఒక్క కారుకు రేస్ ఇంజినీర్ లీనా గాడే. వెనక ప్రత్యర్థి ప్యూజో కార్లు తరుముతుంటే, రాత్రంతా నిద్రలేని ఇంజినీర్ ఒక్క పిట్ స్టాప్ (టైర్లు, ఇంధనం కోసం కారును ఆపడం) లెక్క తప్పినా అంతా పోయేది. చివరికి ఆ కారు 14 సెకన్లు కూడా లేని తేడాతో గెలిచింది. ఏదో కలిసొచ్చిందిలే అనడానికీ లేదు. 2012లో, 2014లో మళ్లీ ఆమె కారే గెలిచింది. ఇక ఫార్ములా వన్‌లోనే, 2019 బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో, రేసు చివర్లో అన్ని కార్లనూ నెమ్మదింపజేసే సేఫ్టీ కార్ వచ్చినప్పుడు, ముందున్న డ్రైవర్ వెర్‌స్టాపెన్‌ను కొత్త టైర్ల కోసం పిట్‌కు పిలిచింది రెడ్ బుల్ టీమ్‌లో రేసు వ్యూహం చూసే హానా ష్మిట్జ్. చేతిలో ఉన్న ఆధిక్యాన్ని వదులుకోవడమంటే మామూలు గుండె చాలదు. వెర్‌స్టాపెన్ గెలిచాడు, టీమ్ తరఫున పోడియం (విజేతల వేదిక) ఎక్కింది ఆమే.

మరి ఇలాంటివాళ్లు ఇంత తక్కువమందే ఎందుకున్నారు? నా దృష్టిలో అసలు అడ్డంకి కాలేజీలో లేదు, క్యాలెండర్‌లో ఉంది. ఫ్యాక్టరీలో చేరిన ఇంజినీర్ రేస్ ఇంజినీర్ కావాలంటే ట్రాక్‌కు వెళ్లక తప్పదు. ట్రాక్ అంటే ఏడాదికి 24 రేసులు, ఖండం నుంచి ఖండానికి ప్రయాణాలు, మధ్యలో టెస్టింగ్. సరిగ్గా పిల్లల్ని కనే వయసులోనే ఈ పిలుపు వస్తుంది. మగ ఇంజినీర్లకూ పిల్లలుంటారు కదా అంటారేమో. ఉంటారు, కాకపోతే ఇంటి దగ్గర ఇంకొకరు తమ ఉద్యోగాన్ని తగ్గించుకుని ఆ భారం మోస్తుంటారు. ఆ మనిషి జీతం ఏ టీమ్ లెక్కల్లోనూ ఉండదు.

దీనికి పెట్టిన ముద్దుపేరు ప్యాషన్. ఈ జబ్బు రేసింగ్‌కే పరిమితం కాదు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులైనా, స్టార్టప్‌లైనా, జూనియర్ డాక్టర్ల డ్యూటీలైనా అంతే. ఎవరు ఎక్కువసేపు కళ్లముందు కనిపిస్తే వాళ్లకే కమిట్‌మెంట్ ఉన్నట్టు. పని ఎంత బాగా చేశారన్నది తర్వాతి మాట. నిద్రమానుకుని చేసిన పనిని ప్రతిభ అని పిలవడం మానకపోతే, స్కాలర్‌షిప్‌లు ఎన్ని ఇచ్చినా అమ్మాయిలు లోపలికొచ్చి పదేళ్లకు బయటికి పోతూనే ఉంటారు.

పని గంటలకు హద్దు పెట్టడం ఈ ఆటకు చేతకాదని మాత్రం అనకండి. వేసవిలో ఫ్యాక్టరీలు మూసేయాలన్న నిబంధన ఉంది. రాత్రిపూట సిబ్బంది ట్రాక్ దగ్గర ఉండకూడదన్న కర్ఫ్యూ ఉంది. 2021 నుంచి ఖర్చుకూ పరిమితి ఉంది. ఒక్కో ఇంజినీర్ ఏడాదికి ఎన్ని రేసులకు మించి వెళ్లకూడదో కూడా ఈ ఆటకు నియమాలు రాసే ఎఫ్‌ఐఏ అలాగే రాసెయ్యొచ్చు. అప్పుడు ప్రతి కారుకూ ఇద్దరు రేస్ ఇంజినీర్లు కావాలి, ఖర్చు పెరుగుతుందని టీమ్‌లు గోల పెడతాయి. కోట్ల డాలర్ల డ్రైవర్ల జీతాలను ఆ ఖర్చు పరిమితి బయట పెట్టినవాళ్లు, రెండో ఇంజినీర్ జీతాన్ని బయట పెట్టలేరా?