కొనాలన్న ఒత్తిడి ఉండదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ దిగింది. బెంగాల్ చేనేత, హస్తకళల యాత్ర. చిన్న బృందం, పన్నెండు మందికి మించదు. కోల్‌కతా, ఫులియా, శాంతిపూర్, శాంతినికేతన్, బిష్ణుపూర్. పాత జమీందారు కోటలో బస, ఏసీ బస్సు, మనం పులస అని పిలుచుకునే ఇలిశ చేపతో విందు. అంతా బాగానే ఉంది. నాలుగో పేజీలో ‘నేత ఇళ్ల సందర్శన’ కింద నక్షత్రం గుర్తు పెట్టి, లావు అక్షరాల్లో ఇలా వేశారు: కొనాలన్న ఒత్తిడి ఉండదు.

ఇది రాసినవారి ముందుచూపుకు దండం పెట్టాల్సిందే. పరిస్థితి అంత ప్రమాదకరంగా ఉంది మరి. హైదరాబాద్ నుంచి పాపం పన్నెండు మంది పెద్దమనుషులు నదియా జిల్లాలో ఒక రేకుల షెడ్డులోకి అడుగు పెడతారు. అక్కడ గుంటమగ్గంలోకి కాళ్లు దింపుకుని ఒక మనిషి కూర్చుని ఉంటాడు. వీళ్ల మీద పడదామన్నా ముందు ఆ గుంటలోంచి పైకి రావాలి. అయినా ఎవరు చూడొచ్చారు? ఉన్నట్టుండి తలెత్తి ‘ఈ చీర చూస్తారా?’ అనేస్తే? అతిథి మనసు ఎంత నొచ్చుకుంటుంది! జమీందారు కోటలో రాత్రి నిద్ర పడుతుందా?

పోనీ మనవాళ్లకు ఒత్తిడి కొత్తా అంటే, అదీ కాదు. ఆదివారం పూట కారు పంపి, బిర్యానీ పెట్టి, ఊరికి ఆమడల దూరంలో రంగు జెండాలు పాతిన బీడు చూపించి, టోకెన్ అడ్వాన్స్ చేతిలో పడేదాకా ఇంటి దగ్గర దింపని ప్లాట్ల ఏజెంట్లను చూసినవాళ్లే. నగల కొట్లో తరుగు, మజూరీ లెక్కకు నోరెత్తకుండా కార్డు గీకినవాళ్లే. పిల్ల స్కూల్లో చేరిన రోజే పుస్తకాలు, బూట్లు, బెల్టు అన్నీ అక్కడే కొని మోసుకొచ్చినవాళ్లే. ఎక్కడా ఏ నక్షత్రం గుర్తూ వాళ్లను కాపాడలేదు. కొనండి అని అడగకూడని వ్యాపారి ఈ దేశంలో ఒక్కడే తేలాడన్నమాట. సరుకు తన చేత్తో తయారుచేసినవాడు.

మా సెక్రటరీ గారు కిందటి చలికాలం బ్యాచ్‌లో సతీసమేతంగా వెళ్లొచ్చారు. వీడియోలు మాకందరికీ వచ్చాయి. (వాటిని చూడాలన్న ఒత్తిడి మాత్రం గట్టిగా ఉంది. లైక్ కొట్టనివాళ్ల ఫ్లోరుకు ప్లంబర్ ఆలస్యంగా వస్తాడని మా బ్లాకులో నమ్మకం.) కాబట్టి నేను చెప్పబోయేదంతా కళ్లారా చూసిందే.

బాంకురా పక్కన బిక్నాలో డోక్రా పని చూశారు. మట్టి ముద్ద మీద మైనం తీగలతో బొమ్మను చుట్టి, దానిమీద మళ్లీ మట్టి పొదిగి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. చివరికి మట్టి అచ్చును పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పగిలిపోతుంది కనుక ఏ రెండు బొమ్మలూ ఒక్కలా ఉండవని గైడ్ చెప్పాడు. అందరూ ఆహా అన్నారు. ఆ ఆహా ఇంకా పూర్తికాకముందే సెక్రటరీ గారి శ్రీమతి, అచ్చం ఇలాంటివే ముప్పై కావాలి, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు రిటర్న్ గిఫ్టులు, పీసు ఎంతకిస్తారు అని అడిగారు. ఇదే పని చేసేవాళ్లు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారని, 2018లో జీఐ, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న గుర్తింపు కూడా వచ్చిందని ఆవిడకు చెప్పి లాభం లేదు. దూరపు కొండలు నునుపు.

తర్వాత పాంచ్‌మురా. మట్టి గుర్రాల ఊరు. నిటారు మెడ, నిక్కబొడుచుకున్న చెవులు. ఆ చెవులూ తోకా విడిగా చేసి, కాల్చాక తొర్రల్లో దోపుతారు. పనితనమే అది. సెక్రటరీ గారు ఒక గుర్రాన్ని ఎత్తి, చెవి పీకి చూసి, ‘ఊడొస్తోంది, డ్యామేజ్ పీసు, సగానికివ్వు’ అన్నారు. ఈ గుర్రం బొమ్మే అఖిల భారత హస్తకళల బోర్డుకు చిహ్నం. 2020లో కేంద్రం ఆ బోర్డునే ఎత్తేసింది. గుర్రానికి చెవులైనా మిగిలాయి, సంతోషించాలి.

ఇక అసలు ఘట్టం ఫులియా.

ఫులియాలో నేసేవాళ్లలో చాలామంది దేశ విభజన తర్వాత, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న టాంగైల్ నుంచి తరలివచ్చిన బసాక్ కుటుంబాలవాళ్లు. వెంట తెచ్చుకున్న ఆస్తి చేతుల్లోని పని. ఆ టాంగైల్ చీర మాదంటే మాదని 2024లో ఇటు బెంగాల్, అటు బంగ్లాదేశ్ జీఐ కోసం తగువు పడ్డాయి. చీర ఏ దేశానిదో తేల్చడానికి రెండు ప్రభుత్వాలు దిగాయి. నేసినవాడి కూలి ఎంతో తేల్చడానికి మాత్రం మహాజనుడు, అంటే నూలిచ్చి నేయించుకునే వ్యాపారి, ఒక్కడే ఉన్నాడు. నూలు ఆయనదే, డిజైను ఆయనదే, రేటూ ఆయనదే.

పీడీఎఫ్‌లో ఈ అంశం పేరు ‘మగ్గంతో మీ క్షణాలు’. సెక్రటరీ గారు ఇందుకోసమే కొత్త కుర్తా కుట్టించుకున్నారు. మగ్గం మీద ఉన్నది జాందానీ. అందులో పువ్వు పువ్వుకూ అదనపు పేక దారాన్ని పడుగు పోగుల మధ్యకు చేత్తోనే ఎక్కించాలి. ఒక్క పోగు తప్పితే పువ్వు వంకర. నేసే ఆయనకు అరవై దాటి ఉంటాయి. సెక్రటరీ గారు ఆయన్ని ‘భయ్యా, జర హటో’ అని పక్కకు జరిపి గుంటలోకి దిగారు. దిగారు అనడం మర్యాద కోసం. ఒక కాలు దిగింది. రెండో కాలు పైనే ఉండిపోయింది. పొట్ట వచ్చి నేసిన గుడ్డకు ఆనింది. ఇద్దరు పట్టుకుని వెనక్కి లాగితే రెండో కాలూ దిగింది. బృందం చప్పట్లు కొట్టింది.

అప్పుడు శ్రీమతి గారు ‘ఆగండి, స్లో మోషన్ పెడతాను’ అన్నారు. ఆగారు. నేతాయన ఆయన చేతికి తాడు ఇచ్చి, మెల్లగా అని సైగ చేశాడు. సెక్రటరీ గారు జనరల్ బాడీ మీటింగులో బల్ల గుద్దే ఊపుతో లాగారు. పేక దారాన్ని మోసే నాడె ఇటు నుంచి అటు వెళ్లి, అక్కడితో ఆగకుండా మగ్గం దాటి, కుర్చీలో కూర్చున్న ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి ఒళ్లో పడింది. నవ్వులే నవ్వులు. ఇంకోసారి అన్నారు. ఈసారి కాళ్ల కింద చెక్కలు రెండూ ఒకేసారి తొక్కారు. పటపటమని పడుగు పోగులు తెగాయి. ‘తెగాయా? పర్లేదు పర్లేదు’ అని సెక్రటరీ గారే నేతాయనను ఓదార్చారు. గైడ్ సర్టిఫికెట్ ఇచ్చాడు, ఫలానా వారు బెంగాల్ నేతకళలో అనుభవం గడించారని. దాని లామినేషన్ కూడా అయిపోయింది, మా లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో ఉంది.

వీడియో అక్కడ ఆగిపోతుంది. బస్సు వెళ్లిపోయాక జరిగేది పీడీఎఫ్‌లో లేదు కనుక నేను చెబుతాను. తెగిన పోగులు ఒక్కొక్కటీ వెతికి ముడివేయాలి. పాడైన వరసలు ఊడదీసి మళ్లీ నేయాలి. పన్నెండు మందీ ఒకరి తర్వాత ఒకరు క్షణాలు గడిపితే ఆ పూట గడిచిపోయినట్టే. కూలి చీరకింత. చీర పూర్తయితేనే కూలి. ఆటో ఎక్కి మధ్యలో మందుల షాపు దగ్గర ఆపితే వెయిటింగ్ చార్జీ అడుగుతారు, గొణుగుతూనే ఇస్తాం. మగ్గానికి వెయిటింగ్ చార్జీ లేదు. కోటలో గది అద్దె ఉంది, గైడ్ ఫీజు ఉంది, బస్సు డ్రైవర్ బత్తా ఉంది. ఆ పన్నెండు మందీ ఎవరిని చూడటానికి అంత దూరం వెళ్లారో ఆయన మాత్రం ఖర్చుల పట్టికలో లేడు.

రాత్రి కోటలో మంట వేసుకుని చుట్టూ కూర్చున్నాక గైడ్ ఒక కథ చెబుతాడు. ఢాకా మస్లిన్ నేసేవాళ్ల బొటనవేళ్లు తెల్లదొరలు నరికేశారని. అందరి కళ్లూ చెమరుస్తాయి. ఒకరు బ్రిటన్ క్షమాపణ చెప్పాలని డిమాండ్ కూడా చేశారు. ఈ కథకు మూలంగా చూపించే రాత ఒకటుంది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి దానితోనే తగాదా పడిన విలియం బోల్ట్స్ 1772లో రాసింది. అందులో వేళ్లు పోయింది పట్టుదారం తీసేవాళ్లకు. నరికింది దొర కూడా కాదు. బలవంతంగా దారం తీయించే బాధ పడలేక తమ బొటనవేళ్లు తామే నరుక్కున్నారని రాశాడు. ఇది మంట చుట్టూ చెప్పుకోవడానికి బాగోదు. దొర నరికాడంటే పాపం సముద్రాల అవతల ఉంటుంది, మనం హాయిగా చేప తినొచ్చు. తనే నరుక్కున్నాడంటే ఎవరో ఒకరు అడుగుతారు, మరి కూలెంత ఇచ్చారు అని. ఆ ప్రశ్న తిన్నగా మన ప్లేట్లోకే వస్తుంది.

అడుగుదాం. 2019-20 నాటి జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపు. మనిషికి కాదండీ, కుటుంబానికి. పడుగు తోడే భార్య, కండెలు చుట్టే తల్లి, అందరి పనీ కలిపి. మన వాళ్లు కోటలో ఒక్క రాత్రికి కట్టింది అంతకంటే ఎక్కువే. అలాంటి ఇంటికి వెళ్లి, టీ తాగి, మగ్గం ఆపి, పోగులు తెంపి, ‘నన్ను కొనమని అడగొద్దు’ అని ముందే రాయించుకుని వెళ్లడానికి ఏం గుండె ఉండాలి? చూడటానికి పోతున్నది జంతుప్రదర్శనశాలకా? అక్కడ కూడా గేటు దగ్గర టికెట్ తీసుకుంటారు కదా! సిగ్గులేని మాట అది. నక్షత్రం పెట్టి మరీ వేశారు.

ప్రభుత్వం సిగ్గుపడుతుందా అంటే, దాని క్యాలెండర్ దానిది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైంది కనుక, ఆ రోజును 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. 2020లో జులై నెలాఖరున చేనేత బోర్డును రద్దు చేసి, ఆగస్టు 7న యథాప్రకారం శుభాకాంక్షలు చెప్పారు.

సెక్రటరీ దంపతులు ఏమీ కొనలేదనుకునేరు. కొన్నారు. తిరుగు ప్రయాణంలో కోల్‌కతా మార్కెట్లో, ‘ఆ పల్లెటూళ్లో చెప్పిన రేటులో పదో వంతుకే’ జాందానీలు. అందరికీ చూపించారు. తిరగేసి చూస్తే వెనకంతా కత్తిరించిన దారం కొసలు. మరమగ్గం మీద అడ్డంగా పరుగెత్తిన పోగులను తర్వాత కత్తిరిస్తే అలాగే ఉంటుంది. చేత్తో ఎక్కించిన దారం పువ్వు వరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985లో చట్టం చేశారు. చట్టం ఉంది, మరమగ్గం ఉంది, రెండూ అన్యోన్యంగా ఉన్నాయి.

ఇంత దూరం వెళ్లినవాళ్లకు నాదొక చిన్న సమాచారం. మా కాలనీ మెయిన్ రోడ్డు మీద బొటీక్ ఉంది. దాని వెనక గదిలో ట్యూబ్‌లైటు కింద చట్రానికి బిగించిన గుడ్డ చుట్టూ కుర్రాళ్లు వంగి కూర్చుని మగ్గం వర్క్ చేస్తుంటారు. వాళ్లూ బెంగాల్ వాళ్లే. శ్రీమతి గారి పట్టుబ్లౌజుల మీద నెమళ్లు కుట్టింది ఆ చేతులే. ఆ గదిని చూడటానికి చిన్న బృందాలు రావు. అక్కడ మాత్రం ఒత్తిడి ఉంది: ‘శుక్రవారం పెళ్లి, గురువారం సాయంత్రానికి లేకపోతే డబ్బులివ్వను.’ గురువారం రాత్రంతా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది.

కొత్త పీడీఎఫ్‌లో చివరి మజిలీ బిష్ణుపూర్, బాలుచరి పట్టుచీరలు. ఈ నేత మొదట ముర్షిదాబాద్ వైపు బాలుచర్‌లో పుట్టింది. ఆ పాత చీరల కొంగుల మీద హుక్కా పీల్చే నవాబులున్నారు, దొరలున్నారు, రైలుబండి ఉంది, పొగ ఓడ ఉంది. తన కాలంలో దర్జాగా తిరిగిన ఎవరినీ ఆ నేతగాడు వదల్లేదు, పట్టుకుని కొంగులో కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఎక్కువగా రామాయణ, భారత ఘట్టాలు నేస్తున్నారు. బిష్ణుపూర్ వారికి నా మనవి ఏమిటంటే, అర్జునుణ్ణి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోనివ్వండి. ఒక కొత్త కొంగు నేయండి. గడి గడికీ ఒక అతిథి, మెడలో ట్యాగ్, చేతిలో సెల్‌ఫోన్. మధ్య గడిలో మా సెక్రటరీ గారు, ఒక కాలు గుంటలో, ఒక కాలు పైన. అంచు పొడవునా ఏసీ బస్సులు. జరీ మాత్రం వాడకండి. జరీ పడితే అది స్వర్ణచరి అవుతుంది, రేటు పెరుగుతుంది, మళ్లీ మావాళ్లు సగానికి అడుగుతారు.