ఆ బండి ఎక్కదు: వసారాలో నాన్నకీ కిరణ్ అన్నయ్యకీ వాదన

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన కిరణ్ అన్నయ్య బట్టల బ్యాగు కన్నా పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి దించాడు. అందులో లెగో టెక్నిక్ ముక్కలు (ఒకదానికొకటి తగిలించి బండ్లూ యంత్రాలూ కట్టుకునే ప్లాస్టిక్ ముక్కలు), మోటార్లు, సొంతంగా కడుతున్న ఒక లారీ. అన్నయ్య మా పెదనాన్న కొడుకు, సాఫ్ట్‌వేర్. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే షెడ్డు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. వసారాలో చాప మీద డబ్బా బోర్లించారో లేదో మొదలైంది. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. నేను ఎవరి పక్షమూ కాదు. కాదనే అనుకుంటున్నాను.

నాన్న: ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి. ఇంకా బొమ్మలేంట్రా?

అన్నయ్య: బొమ్మ కాదు బాబాయ్. గేర్లున్నాయి, మలుపులో రెండు చక్రాల్నీ వేరువేరు స్పీడులో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంది, స్టీరింగ్ తిప్పే రాక్ ఉంది. డెన్మార్క్ వాళ్ళు 1977లో ఈ రకం మొదలుపెట్టిందే అందుకు. ఇటుకలతో ఇల్లు కట్టిన పిల్లాడు, కాస్త ఎదిగాక బండి లోపల ఏముందో చూసుకోవాలని.

నాన్న: బండి లోపల ఏముందో చూడాలంటే మా షెడ్డుకి రా. టీ కూడా నేనే పోయిస్తా. ఇదెంతయింది?

(అన్నయ్య ఈ ప్రశ్న విననట్టే ఊరుకున్నాడు. వదిన పక్కగదిలో ఉంది.)

నాన్న: సరే, నీది చెప్పొద్దులే. ఇందులో పెద్దదేది?

అన్నయ్య: 2019లో గనుల్లో మట్టి తవ్వే లీబెర్ ఎక్స్‌కవేటర్ నమూనా ఒకటొచ్చింది. 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. వచ్చిన కొత్తల్లో అమెరికాలో 450 డాలర్లు.

నాన్న: డాలర్లా! ఆ డబ్బుతో పాత మోపెడ్ కొనుక్కుంటే ఊరంతా పాలు పోసుకుని బతకొచ్చు. ఏడు మోటార్లూ దేంతో నడుపుతారు?

అన్నయ్య: ఫోన్లో యాప్‌తో.

నాన్న: ఆ యాప్ వాళ్ళు ఆపేస్తే?

అన్నయ్య: (కాస్త తగ్గి) అది ఇవి కట్టేవాళ్ళం మాలో మేం గొణుక్కునే సంగతే. అందుకే నేను ఈ లారీకి 2007లో వచ్చిన పాత రకం మోటార్లు పెట్టాను. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్. ఎండలో సరిగ్గా అందదు, కానీ ఫోను అక్కర్లేదు.

నాన్న: అందుకా వసారాలో పరిచావ్. ఇంతకీ ఇందులో నువ్వు చేసిందేంటి? పుస్తకంలో బొమ్మ చూసి ముక్కకి ముక్క తగిలించావు. మా షెడ్డులో కొత్త కుర్రాడు కూడా ముందు చూపించి చేయిస్తే చేస్తాడు.

అన్నయ్య: పుస్తకం చూసి కట్టేది ఒక్కసారే బాబాయ్. తర్వాత విప్పేసి, ఆ ముక్కలతోనే సొంతంగా కడతాం. దీనికి పుస్తకం లేదు.

నాన్న: అయినా సరే. ముక్క నువ్వు చేయలేదుగా. ఏ ముక్క తీసుకున్నా ఎనిమిది మిల్లీమీటర్ల లెక్కలో ముందే కుదిరిపోయింది. 1958లో చేసిన ఇటుక ఇవాళ్టి ఇటుక మీద కూర్చుంటుందని నువ్వే చెప్పావు. అంటే దాని అచ్చు, ఆ డై చెక్కినోడు మొనగాడు. వాడికి దండం పెడతా. నీకెందుకు పెట్టాలి?

(ఇది నాకు నచ్చింది. అన్నయ్యకి నచ్చలేదు.)

అన్నయ్య: నువ్వు గేరు పళ్ళు చెక్కుతావా? తెచ్చినవే కదా వేస్తావు?

నాన్న: వేస్తాను. కానీ సందు సరిచేసే పల్చటి రేకు, ఆ షిమ్ము మందం తప్పితే బేరింగు పోతుంది, లారీవాడు రోడ్డు మీద నిలబడతాడు, తిరిగొచ్చి నా గల్లా పట్టుకుంటాడు. నీకేం పోయింది? తప్పయితే పీకేసి మళ్ళీ పెడతావు. తప్పుకి రేటు లేనిచోట చేతికి బుద్ధెలా వస్తుంది?

అన్నయ్య: పీకేయగలను కాబట్టే, ఒక్క నెలలో ఈ లారీ గేర్‌బాక్సు పదకొండుసార్లు కట్టాను. నువ్వు పనిలో చేరినప్పుడు మీ మేస్త్రి గేర్‌బాక్సు ఎన్నిసార్లు ముట్టుకోనిచ్చాడు?

(నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. చెంబులో నీళ్ళు తాగారు.)

నాన్న: రెండేళ్ళు. రెండేళ్ళు కిరోసిన్ ట్రేలో సామాన్లు కడగడమే. ఏది దేని పక్కన కూర్చుంటుందో కడుగుతూ కడుగుతూ కనిపెట్టాను. మూడో ఏడు ఒకరోజు మేస్త్రి జ్వరంతో రాకపోతే అప్పుడు బిగించా.

అన్నయ్య: మరి! ఆ రెండేళ్ళూ నీ చేతిలో ఇలాంటి డబ్బా ఒకటి ఉండుంటే?

నాన్న: ఉంటే కిరోసిన్ వాసన తెలిసేది కాదు. ఇవన్నీ సరే గానీ ఆ పళ్ళ లెక్కేంటి, ఇందాక ఏదో చెప్పబోయావు.

(ఇక్కడ నాన్న చాప మీదకి దిగి బాసింపట్టు వేసుకున్నారు. ఇందాకటి వరకూ కుర్చీలోనే ఉన్నారు.)

అన్నయ్య: మా దగ్గర మామూలుగా దొరికేవి 8, 12, 16, 20, 24, 36, 40 పళ్ళ గేర్లు. వాటితోనే సర్దుకోవాలి. రెండు గేర్ల పళ్ళు కలిపితే 32 అయితే, వాటి ఇరుసుల మధ్య సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 8కి 24 వేసినా, 12కి 20 వేసినా, 16కి 16 వేసినా అంతే. అందుకే ఒకే చట్రంలో మూడు స్పీడ్లు పెట్టగలను. ఇరుసులు కదపనక్కర్లేదు.

నాన్న: (ఒక గేరు తీసి గోటితో పళ్ళు లెక్కపెడుతూ) లారీ గేర్‌బాక్సులోనూ రెండు షాఫ్టుల దూరం మారదురా. జత మారినా కూడిక ఇంచుమించు అంతే ఉంటుంది. ఇది నాకు ఎవడూ చెప్పలేదు, పళ్ళు విరిగినవి లెక్కపెట్టీ లెక్కపెట్టీ తెలిసింది. సరే, నడిపించు.

(పీట ఎత్తి, దాని మీద అటకపై ఉన్న పాత చెక్క వాల్చారు. లారీ సగం దాకా ఎక్కింది. తర్వాత కటకటమని చప్పుడు. చక్రాలు ఆగిపోయాయి, లోపల మోటారు మాత్రం తిరుగుతోంది.)

నాన్న: ఆ బండి ఎక్కదు.

అన్నయ్య: బ్యాటరీ దిగిందేమో.

నాన్న: ఎన్ని ఓల్టులు?

అన్నయ్య: ఆరు పెన్సిల్ సెల్స్, తొమ్మిది. అంటే... నేను వేసింది చార్జింగ్ సెల్స్. ఒక్కోటి 1.2 కాబట్టి ఏడు చిల్లర.

నాన్న: ఏడైతే నెమ్మదిగా తిరుగుతుంది, బలం కాస్త తగ్గుతుంది, అంతే. కటకట ఎందుకొస్తుంది? పళ్ళు జారుతున్నాయి. తిప్పు, నన్ను చూడనీ. ఇదిగో. తిరుగుడుని పక్కకి మళ్ళించే ఈ బెవెల్ గేరు ఇరుసుకి ఇటువైపు పట్టు ఉంది, అటువైపు బేరింగేదీ? లోడు పడగానే ఒకదాన్నొకటి తోసుకుని దూరం జరుగుతున్నాయి. మా దగ్గర లారీ వెనక ఇరుసులో ఇలాంటి జతే, క్రౌనూ పినియనూ, వాటి పళ్ళు రాలేది సగం ఇందుకే.

(అన్నయ్య ఏం మాట్లాడకుండా రంధ్రాల పట్టీ ఒకటి వెతికి అటువైపు బిగించాడు. రెండు నిమిషాలు పట్టింది. బండి ఈసారి ముప్పావు వంతు ఎక్కి ఆగింది. చప్పుడు లేదు. విప్పి చూస్తే, మోటారు నుంచి వెనక్కి వచ్చే పొడవాటి ప్లాస్టిక్ ఇరుసు కొబ్బరితాడులా మెలిపడి ఉంది.)

నాన్న: చూశావా, జబ్బు ఇక్కణ్ణుంచి అక్కడికి పోయింది. ఆ మూడింతల గేరు ఎక్కడ వేశావు?

అన్నయ్య: మోటారు దగ్గరే. 8 నుంచి 24కి.

నాన్న: అంటే స్పీడు మూడో వంతు చేసి, తిప్పే బలం మూడింతలు చేసి, ఆ బలమంతా ఈ పుల్ల మీద పంపావు. లారీలో గేర్‌బాక్సు నుంచి వెనక్కి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు అంత సన్నగా ఉండి ఎలా ఆగుతుందనుకున్నావ్? దాని తర్వాత, వెనక ఇరుసు హౌసింగులో ఇంకోసారి స్పీడు తగ్గిస్తారు. బలం పెరిగేది అక్కడ, చక్రం పక్కన. ఆ జతని వెనక్కి మార్చు.

అన్నయ్య: (నవ్వుతూ) ఇందాక బొమ్మన్నావు.

నాన్న: బొమ్మే. బొమ్మయినా బండిలా నడవాలా వద్దా?

అన్నయ్య: ఒప్పుకో బాబాయ్. దీని మీద నువ్వు పావుగంటలో చెప్పింది, లారీ మీద చెప్పాలంటే జాకీలు ఎత్తి, హౌసింగు దించి, ఒక పూట పట్టేది.

నాన్న: అదొప్పుకుంటా. కానీ నువ్వొకటి ఒప్పుకో. పదకొండుసార్లు కట్టినా ఆ బేరింగు నీకు తట్టలేదు. ఎందుకంటే ఎవడూ నీ గల్లా పట్టుకోలేదు.

(అన్నయ్య ఒప్పుకోలేదు. ఫోను తీసి, అచ్చం అసలు కారంత సైజులో 2018లో ఇవే ముక్కలతో కట్టిన బుగాటి చిరాన్ అనే కారు వీడియో చూపించాడు. పది లక్షలకి పైగా ముక్కలు, 2,304 మోటార్లు, జిగురు లేకుండా బిగింపు. లోపల మనిషి కూర్చుంటే గంటకి 20 కిలోమీటర్లు దాటి నడిచింది. నాన్న రెండుసార్లు చూశారు.)

నాన్న: ఎన్ని గుర్రాలు?

అన్నయ్య: 5.3 అని వాళ్ళే చెప్పారు.

నాన్న: రెండువేల చిల్లర మోటార్లకి అయిదు గుర్రాలా! మన పొలంలో బోరు మోటారు ఒక్కటే అయిదు. బరువెంత?

అన్నయ్య: టన్నున్నర.

నాన్న: టన్నున్నరని అయిదు గుర్రాలతో కదిలించారా? (కాసేపాగి) అయితే గేర్లు బాగా కట్టారన్నమాట. చక్రాలూ ఇవేనా?

అన్నయ్య: చక్రాలు మాత్రం అసలు చిరాన్‌వి.

నాన్న: ఆఁ, అదీ.

(ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. ఇద్దరూ లేవలేదు. మెలిపడ్డ ఇరుసు తీసేసి కొత్తది వేశారు. 8-24 జత చక్రాల దగ్గరికి మారింది. అది మార్చింది నాన్నే. లావు వేళ్ళకి పిన్నులు దొరక్క రెండుసార్లు విసుక్కున్నారు. ఈసారి లారీ చెక్క చివరిదాకా నింపాదిగా ఎక్కి, పీట మీద ఆగింది. అన్నయ్య చప్పట్లు కొట్టాడు.)

నాన్న: ఖాళీ బండి ఎవడైనా ఎక్కిస్తాడు. అమ్మనడిగి కిలో కందిపప్పు ప్యాకెట్ పట్రా.