ఊరు రెడీ, క్లబ్బు కావలెను

కొత్త ఊళ్లు కట్టడం ఇంగ్లీషు వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాదన్నవాళ్లు ఒక్కసారి మిల్టన్ కీన్స్ మ్యాపు తెరిచి చూడండి. 1967 జనవరిలో ప్రభుత్వం ఉత్తర్వు వేసి, లండన్‌కు వాయవ్యాన పొలాల మధ్య, ఇచ్చట రెండున్నర లక్షల మంది నివసింతురు గాక అని శాసించింది. జనం నోరెత్తకుండా వచ్చి నివసించారు. అడ్డంగా పోయే రోడ్లకు హెచ్ అని, నిలువుగా పోయే రోడ్లకు వి అని అక్షరాలు కేటాయించి నంబర్లు వేశారు. రోడ్డూ రోడ్డూ కలిసిన చోటల్లా ఒక రౌండెబౌట్ తిప్పారు. అలాంటివి వందకు పైనే ఉన్నాయి. నడిబొడ్డున మిడ్‌సమ్మర్ బొలెవార్డ్ అనే పెద్ద వీధిని నడివేసవి నాడు పొద్దు పొడిచే దిక్కుకు గురిచూసి వేశారు. అంటే సూర్యభగవానుడికి కూడా మాస్టర్ ప్లాన్‌లో ఒక స్లాటు ఇచ్చారన్నమాట. 1978లో ఒక శిల్పి వచ్చి కాంక్రీటుతో ఆవుల్ని చేసిపెట్టింది. అవి పాలివ్వవు, పేడ వెయ్యవు, ట్రాఫిక్‌కు అడ్డం పడుకోవు. మన మున్సిపల్ కమిషనర్లు కలలో కూడా ఊహించలేని పశుసంపద.

ఇన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఒక్కటి మర్చిపోయారు. ఫుట్‌బాల్ క్లబ్బు.

ఊళ్లో ఎవరూ బంతే తన్నలేదని కాదు. చిన్నాచితకా జట్లు ఉన్నాయి. మిల్టన్ కీన్స్ సిటీ అన్న పేరుతోనే ఒకటి ఉండేది. కానీ అవేవీ నలుగురిలో చెప్పుకోదగ్గవి కావు. ఇంగ్లండ్‌లో లీగులన్నీ మెట్లు మెట్లుగా ఉంటాయి. గెలిస్తే పై మెట్టు ఎక్కుతారు, ఓడితే కింది మెట్టుకు దిగుతారు. ఎంతటి వాడైనా అంతే. స్టీవనేజ్ అని ఇంకో ఊరుంది, 1946లో ప్రకటించిన మొట్టమొదటి కొత్త పట్టణం. వాళ్లు 1976లో ఒక క్లబ్బు పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ 2010 నాటికి ఫుట్‌బాల్ లీగు అనే పై మెట్ల వరసలో అడుగుపెట్టారు. ముప్పై నాలుగేళ్లు! ఇటీజ్ వెరీ సింపుల్, ఆడి గెలవాలి. కానీ రోడ్లకు నంబర్లేసిన ఊరికి అంత తీరికెక్కడిది? ఆవుల్ని పోత పోసిన చేతులకు క్లబ్బొక లెక్కా?

ఇక్కడే పీట్ వింకెల్‌మన్ అనే పెద్దమనిషి రంగంలోకి దిగాడు. సంగీత వ్యాపారంలో పనిచేసి వచ్చినవాడు. ఊరికి ఒక పెద్ద స్టేడియం కావాలన్నాడు. స్టేడియానికి డబ్బు కావాలి కాబట్టి పక్కనే ఆస్డా సూపర్‌మార్కెట్టూ, ఐకియా దుకాణమూ రావాలన్నాడు. అవి రావాలంటే స్టేడియం ఉండాలి, స్టేడియం ఉండాలంటే అందులో ఆడే పెద్ద క్లబ్బు ఉండాలి. ఆలు లేదు, చూలు లేదు, సోమలింగానికి మాత్రం ముప్పై వేల కుర్చీలు సిద్ధమవుతున్నాయి. ఇక సంబంధాల వేట మొదలైంది. లూటన్‌ను అడిగారు, క్రిస్టల్ ప్యాలెస్‌ను అడిగారు, బార్నెట్‌ను అడిగారు, క్వీన్స్ పార్క్ రేంజర్స్‌ను అడిగారు. ఎవరూ పడలేదు. చివరికి ఇల్లూ వాకిలీ లేని వింబుల్డన్ దొరికింది.

వింబుల్డన్ అంటే మనకు టెన్నిసే గుర్తొస్తుంది. అక్కడ 1889 నుంచీ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఉంది. 1977 దాకా చిన్న లీగుల్లోనే మట్టి కరుస్తూ తిరిగింది. ఆ ఏడు ఫుట్‌బాల్ లీగులోకి వచ్చి, తొమ్మిదేళ్లు తిరక్కుండానే మొదటి శ్రేణికి ఎక్కింది. 1988 మే 14న ఎఫ్‌ఏ కప్ అనే పెద్ద నాకౌట్ పోటీ ఫైనల్లో, అప్పటికి ఇంగ్లండ్ మొత్తాన్నీ గడగడలాడిస్తున్న లివర్‌పూల్‌ను 1-0తో కొట్టింది. లారీ శాంచెజ్ తలతో గోలు పెట్టాడు. జాన్ ఆల్‌డ్రిడ్జ్ కొట్టిన పెనాల్టీని డేవ్ బీసెంట్ ఎడమవైపు దూకి ఆపాడు. ఆ కప్పు ఫైనల్లో అంతకుముందు ఏ గోల్‌కీపరూ పెనాల్టీ ఆపలేదు.

తర్వాత మన ఊళ్లలో జరిగేదే అక్కడా జరిగింది. 1991లో ప్లో లేన్ మైదానం వదిలేసి, క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల సెల్‌హర్స్ట్ పార్కులో కిరాయికి దిగారు. కొన్నాళ్లకు ఆ మైదానం సూపర్‌మార్కెట్ వాళ్ల పాలయింది. మధ్యలో క్లబ్బును డబ్లిన్‌కు పట్టుకుపోదామన్న ఆలోచన కూడా నడిచింది. డబ్లిన్ ఇంకో దేశం, మధ్యలో సముద్రం. ఆ లెక్కన మిల్టన్ కీన్స్ పక్కవీధే.

2001లో క్లబ్బు యజమానులు మకాం మారుస్తామన్నారు. ముందు లీగు వాళ్లు కుదరదన్నారు. అప్పీళ్లూ గొడవలూ అయ్యాక, ఫుట్‌బాల్ అసోసియేషన్ వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వ్యవహారం వచ్చింది. 2002 మే 28న తీర్పు. ఇద్దరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు. తీర్పుతో ఆగితే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. వాళ్ల నివేదికలో ఒక వాక్యముంది, ఇన్నేళ్లయినా అది నాకు అరగడం లేదు. అభిమానులు, పోనీ మీరు పొండి, మేము వింబుల్డన్ టౌన్ అనో ఇంకోటనో పేరు పెట్టుకుని బూడిదలోంచి మళ్లీ మొదలెడతాం అంటున్నారట. అలా 113 ఏళ్ల కిందటి స్థితికి పోవాలనుకోవడం, వారి పట్ల గౌరవంతోనే చెబుతున్నారట, ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు అనుగుణం కాదట.

విశాల ప్రయోజనాలు! ఎంత విశాలమంటే, దక్షిణ లండన్‌లో నాన్న భుజాల మీద కూర్చుని మ్యాచ్ చూసిన పిల్లాడు అందులో ఇమడడు, ఐకియా మాత్రం పార్కింగ్‌తో సహా ఇమిడిపోతుంది.

2003 సెప్టెంబరులో జట్టు మిల్టన్ కీన్స్‌లో దిగింది. స్టేడియం ఇంకా రాలేదు కాబట్టి హాకీ స్టేడియంలో ఆడించారు. మరుసటి ఏడు పేరు మార్చి మిల్టన్ కీన్స్ డాన్స్, పొట్టిగా ఎంకే డాన్స్ అన్నారు. ఆటగాళ్లు వచ్చారు, లీగులో స్థానం వచ్చింది. వాటితో పాటు చరిత్ర కూడా వచ్చింది. 1988 కప్పు తమదేనన్నారు. ఇక్కడ నాకిష్టమైన ఘట్టం. ఆ ఊళ్లో ఒక తాత, ఒక మనవడు ఉన్నారనుకోండి.

"తాతయ్యా, 1988లో మనం కప్పు గెలిచినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"షాపింగ్ సెంటర్లో ఉన్నానురా. అప్పటికి మన ఊరికి అదే గుడి."

"బీసెంట్ పెనాల్టీ ఆపినప్పుడు ఎగిరి గంతేశావా?"

"లేదురా, బాధపడ్డాను. అప్పట్లో నేను లివర్‌పూల్ మనిషిని."

"మరి మనమే గెలిచామని నీకెప్పుడు తెలిసింది?"

"2003లో."

తాత కష్టాలు అక్కడితో తీరలేదు. 2007లో అభిమాన సంఘాల ఒత్తిడికి తలొగ్గి, ఆ పాత ట్రోఫీలనూ గౌరవాలనూ వింబుల్డన్ ఉండే మెర్టన్ కౌన్సిల్‌కు అప్పగించారు. ఎంకే డాన్స్ చరిత్ర 2004 నుంచే మొదలని ఒప్పుకున్నారు. పాపం తాత నాలుగేళ్లు కష్టపడి అలవాటు చేసుకున్న జ్ఞాపకం ఇప్పుడు వాపసు ఇవ్వాలి. కౌంటరు దగ్గర క్యూలో నిలబడి ఫారం నింపుతాడు. వస్తువు పేరు: ఆనందం. తీసుకున్న సంవత్సరం: 2003. తిరిగి ఇస్తున్న సంవత్సరం: 2007. వాడిన గుర్తులు: ఏమీ లేవు. గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, మనవడి దగ్గర కూడా ఒక కాపీ ఉన్నట్టుందే, అది కూడా తెచ్చివ్వండి అంటాడు.

డాన్స్ అన్న ముద్దుపేరును మాత్రం వాపసు ఇవ్వలేదు. అది వింబుల్‌డన్‌లోని చివరి ముక్క. ఊరు పోయింది, పేరు తోక మిగిలింది.

ఇక బూడిదలో కూర్చున్నవాళ్ల సంగతి. తీర్పు వచ్చిన రెండ్రోజులకే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టారు. ఆటగాళ్లు కావలెను అని కబురు పెడితే వింబుల్డన్ కామన్ అనే పచ్చిక బయలు మీదికి రెండు వందల ముప్పై మంది దాకా వచ్చి వరసలో నిలబడ్డారు. కంబైన్డ్ కౌంటీస్ లీగు అని, దాని పేరు దాని ప్రేక్షకులకే సరిగ్గా గుర్తుండనంత కింది మెట్టు మీద మొదలెట్టారు. ఆ సీజన్లోనే, అంటే 2002 అక్టోబరులో, పాత క్లబ్బు ఇంకా సెల్‌హర్స్ట్ పార్కులో ఉండగా రోథరమ్‌తో ఆడిన మ్యాచ్‌కు 849 మంది వచ్చారు. దేశంలో రెండో శ్రేణి మ్యాచ్ అది. ఆ అట్టడుగు లీగులో కొత్త క్లబ్బుకు మ్యాచ్‌కు సగటున మూడు వేల మంది వస్తున్నారు. ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

2011లో పెనాల్టీల మీద లూటన్‌ను ఓడించి వాళ్లు ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు. తొమ్మిదేళ్లు పట్టింది. 2020 నవంబరులో ప్లో లేన్‌కే తిరిగొచ్చారు, పాత మైదానానికి కూతవేటు దూరంలో సొంత స్టేడియం కట్టుకుని. క్లబ్బు అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది. అటు మిల్టన్ కీన్స్‌లో ముప్పై వేల మెత్తటి కుర్చీలున్నాయి, చాలా సీజన్లలో మూడోవంతు కూడా నిండవు. మెత్తగా ఉంటే జనం కూర్చుంటారని ఎవరు చెప్పారో. 2017లో ఎంకే డాన్స్ పేరు ప్రోగ్రామ్ పుస్తకంలోనూ స్కోరుబోర్డు మీదా సరిగ్గా రాయలేదని లీగు వాళ్లు ఏఎఫ్‌సీ వింబుల్డన్ మీద అభియోగం మోపారు. క్లబ్బును ఎత్తుకుపోవడం నిబంధనల ప్రకారమే జరిగింది. ఎత్తుకుపోయినవాడి పేరు మర్యాదగా రాయకపోవడం నేరం.

ఇది ఇంగ్లండ్ జబ్బు మాత్రమే అనుకోకండి. స్కాట్లండ్‌లో లివింగ్‌స్టన్ అనే కొత్త ఊరు 1995లో ఎడిన్‌బరా నుంచి మెడోబ్యాంక్ థిసిల్ అనే క్లబ్బును తెచ్చుకుని పేరు మార్చేసింది. 2004లో లీగ్ కప్ కూడా గెలిచింది. ఇక కంబర్‌నాల్డ్ అనే ఊరు క్లైడ్ క్లబ్బును 1994లో తెచ్చుకుంది, ఆ క్లబ్బు 2022లో సామాను సర్దుకుని వెళ్లిపోయింది.

మిల్టన్ కీన్స్ పిల్లల మీద నాకేం కోపం లేదు, అది కూడా చెప్పాలి. డెలీ ఆలీ ఆ ఊళ్లోనే పుట్టి, ఆ క్లబ్బులోనే ఆట నేర్చుకుని, 2014 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4-0తో చితక్కొట్టిన జట్టులో ఆడాడు. తర్వాత ఇంగ్లండ్‌కు ఆడాడు. అంటే ఆ మట్టిలో ఆట ఉంది. పాతికేళ్లు ఓపిక పట్టి మిల్టన్ కీన్స్ సిటీకి నీళ్లు పోసి ఉంటే ఎవరి ఇల్లూ కూల్చకుండానే అలాంటి కుర్రాళ్లు వచ్చేవాళ్లు. ఆ చిన్న క్లబ్బు 2003లోనే, పెద్ద క్లబ్బు ఊళ్లో అడుగుపెడుతున్న ఏడాదే, మూతపడింది.

లండన్ గోల మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో ఇండియన్ సూపర్ లీగు, అంటే ఐఎస్ఎల్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మనకు క్లబ్బు వచ్చిందని గచ్చిబౌలిలో చప్పట్లు కొట్టినవాళ్లలో పుణె వాళ్లేమయ్యారని అడిగినవాడు ఒక్కడూ లేడు. అప్పుడే అడగాల్సింది. 2025 అక్టోబరులో అదే క్లబ్బు ఢిల్లీ చేరి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఇదేమన్నా రౌండెబౌట్ల మధ్య మొలిచిన ఊరా? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను సెమీఫైనల్ దాకా నడిపి, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ ఊరివాడు. అలాంటి ఊరి నుంచి క్లబ్బును పట్టుకుపోతుంటే ధర్నా లేదు, ఒక కమిషన్ లేదు, కనీసం ఇద్దరు ఒకరుగా చీలిన తీర్పు లేదు. వింబుల్డన్ వాళ్లను అవమానించడానికైనా ఒక నివేదిక రాశారు. మనల్ని అవమానించాల్సిన అవసరం కూడా ఎవరికీ కనపడలేదు. సిగ్గుగా లేదూ? పట్టుకుపోయినవాళ్లకు కాదు, వాళ్లకెందుకుంటుంది. చూస్తూ ఊరుకున్న మనకు.

2022 మార్చిలో ఆ క్లబ్బు గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడించి ఐఎస్ఎల్ కప్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది, హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ కప్పు ఇప్పుడెవరిది? మనదా, ఢిల్లీదా, స్థానం ఖాళీ చేసిన పుణెదా, ఆడించిన గోవాదా? లండన్ వాళ్లకు అడగడానికి మెర్టన్ కౌన్సిల్ ఉంది. మనం ఏ ఆఫీసులో, ఏ కౌంటరు దగ్గర అడగాలో తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఫారం నేను నింపుకొస్తాను.