63 కిలోల దగ్గర ఆగిపోయాను, ఎవరికైనా అభ్యంతరమా?

హనుమకొండలో ఇప్పుడు బరువు తగ్గించేవాళ్లకు కొదవ లేదు. జిమ్‌లు, డైట్ సెంటర్లు, పొద్దున్నే షేక్ తాగించి పంపే క్లబ్బులు, ఫోన్‌లోనే పాఠం చెప్పే కోచ్‌లు. తగ్గించడం వీళ్లందరికీ వచ్చు. ఎక్కడ ఆపాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆపడం అనేది ఒకటుందని ఒప్పుకోవడమే వాళ్లకు కష్టం.

ఆ మధ్య మా ఆన్‌లైన్ కోచ్‌కు ఫోన్ చేసి "ఇంక తగ్గనమ్మా, ఇక్కడే ఉంటాను" అని చెప్పాను. "ఇంకో నాలుగు కిలోలే కదా మేడమ్, ఇంత కష్టపడి ఇప్పుడు వదిలేస్తారా" అంది. వదిలేయడం లేదు తల్లీ, ఉన్నది నిలబెట్టుకుంటానంటున్నాను అంటే వినదు. గ్రూపులో మిగతావాళ్లు డీమోటివేట్ అవుతారట. వాళ్ల మోటివేషన్ కోసం నేను ఎండిపోవాలన్నమాట.

సరే, ఆ నాలుగు కిలోల లెక్క ఎక్కడిదో చూద్దాం. నా ఎత్తు 160 సెంటీమీటర్లు. మొదట్లో 82 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 63. బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. మన భారతీయులకు అది 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన డాక్టర్లు గీత గీశారు. నా ఎత్తుకు 23 అంటే 59 కిలోలు. కోచ్ పట్టుకుని వేలాడుతున్నది ఆ 59నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు పట్టిక తీస్తే 25 లోపు అంతా నార్మలే, అంటే నాకు దాదాపు 64 దాకా. ఒక పట్టికలో నేను బాగానే ఉన్నాను, ఇంకో పట్టికలో ఇంకా లావే.

మన గీత కిందికి దించడానికి కారణం లేకపోలేదు. అంతే బీఎంఐ ఉన్న యూరప్ వాళ్లతో పోలిస్తే మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. ఆ కొవ్వు కూడా పొట్ట చుట్టూనే చేరుతుంది. షుగర్ మనకు చిన్న వయసులోనే, తక్కువ బరువు దగ్గరే వస్తుంది. కాబట్టి పట్టికను చించి పారేయమని నేను అనను. కానీ దాని పుట్టుక కూడా తెలిసి ఉండాలి. 1830లలో బెల్జియంలో కెట్‌లే అనే గణాంకవేత్త 'సగటు మనిషి' ఎలా ఉంటాడో కనుక్కోవడానికి ఈ లెక్క కట్టాడు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. జనాన్ని గుంపుగా చూడటానికి పనికొచ్చే లెక్క అది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచే ఫలానా ఆవిడ ఇంకో నాలుగు కిలోలు తగ్గాలా వద్దా అని తేల్చడానికి అదొక్కటే చాలదు.

లోపల సంగతి తెలియాలంటే టేపు తీయాలి, రక్తం ఇవ్వాలి. మన ఆడవాళ్లకు నడుం 80 సెంటీమీటర్ల లోపు, మగవాళ్లకు 90 లోపు ఉండాలంటారు. నాది 79కి వచ్చింది. మూడు నెలల షుగర్ సగటు (HbA1c పరీక్ష) 6.2 ఉండేది, అంటే షుగర్ గడపలో కాలు పెట్టినట్టే. ఇప్పుడు 5.4. బీపీ దారిలోకి వచ్చింది. ఆఫీసులో మూడో అంతస్తుకు మెట్లెక్కితే ఆయాసం లేదు. బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీల్లో మంచి మార్పు వస్తుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నారు. నేను తగ్గింది 23 శాతం. మరి ఈ చివరి నాలుగు కిలోలు అడుగుతున్నదెవరు? నా గుండె అడగలేదు. మోకాళ్లు అడగలేదు. పట్టిక అడిగింది, గ్రూపు అడిగింది.

పైగా వాటి ఖరీదు మామూలుగా లేదు. మొదటి పది కిలోలు ఎట్లా పోయాయో నాకు తెలియనే తెలియదు. రాత్రి అన్నం తగ్గించి జొన్న రొట్టెకు మారాను, చాయ్‌లో చక్కెర మానేశాను, రోజూ నడిచాను, అంతే. 66 కంటే కిందికి దిగాక మొదలైంది అసలు కథ. కోచ్ రోజుకు 1200 కేలరీలు అంది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు. చర్మం డాక్టరుకు చూపిస్తే తిండి బాగా తగ్గించిన రెండు మూడు నెలలకు ఇలా రాలడం మామూలేనని, తిండి సరిచేస్తే మళ్లీ వస్తాయని చెప్పింది. ఇంట్లో అందరూ ఫ్యాను వేసుకుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. పిల్లలు నీళ్ల బాటిల్ మూత పెట్టకపోతే ఇంటికప్పు లేచిపోయేలా అరిచేదాన్ని.

అన్నిటికంటే ఘోరం, రోజంతా తిండి గురించే ఆలోచన. పరకాలలో మా చిన్నమ్మ మనవరాలి పెళ్లికి పోయాం. బంతిలో బగారా అన్నం వడ్డిస్తూ వస్తున్నారు. నా చూపంతా ఆ గరిటె మీదే. ఒక గరిటె ఎన్ని గ్రాములు, అందులో నూనె ఎంత, పక్కన కోడికూర పులుసు వేయించుకోవాలా ముక్కలే వేయించుకోవాలా. పక్కనున్న వదిన ఏదో చెప్తోంది, తలాడిస్తున్నాను గానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆమె కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంగతి ఆమె అప్పుడే చెప్పిందట. నాకు తర్వాత ఇంకెవరో చెప్తే తెలిసింది.

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదు. బీఎంఐకి పేరు పెట్టిన ఆ ఏన్సెల్ కీసే 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఆరు నెలల పాటు తిండి బాగా తగ్గించి చూశాడు. వాళ్లు చలికి వణికారు, చిటపటలాడారు, నీరసించిపోయారు, రాత్రీ పగలూ తిండి గురించే మాట్లాడుకున్నారు. అంతకుముందు వంటింటి మొహం చూడనివాళ్లు కూడా వంట పుస్తకాలు పోగేసుకున్నారు. వాళ్లది నాకంటే చాలా పెద్ద కోత, వాళ్లకు పోగొట్టుకోవడానికి కొవ్వు కూడా అంతగా లేదు. అయినా ఆ సంగతులు చదువుతుంటే నా గురించి ఎవరో చాడీలు చెప్పినట్టే అనిపించింది.

మరి చుట్టాల మాట విని ఆగాలా? అది ఇంకా నవ్వులాట. మన దగ్గర సన్నబడిన మనిషికి పడే మొదటి ప్రశ్న "షుగర్ అచ్చిందా?" నన్ను చిన్నప్పటి నుంచి బొద్దుదని పిలిచిన పెద్దమ్మే ఇప్పుడు గదవ పట్టుకుని "ఏందే బిడ్డా, మొహమంతా పీక్కపోయింది, మంచిగ తిను" అంటుంది. 70 దగ్గరున్నప్పుడూ ఇదే మాట, 63 దగ్గరా ఇదే మాట. ఆమె కొలబద్ద ప్రేమది. దానికి అంకెలు ఉండవు.

మొన్న జనవరిలో మేడారం జాతరకు ముందు మా అమ్మ నా పేరు మీద నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించింది. తెలియనివాళ్లకు చెప్తున్నా, అమ్మవార్ల దగ్గర బెల్లాన్నే బంగారం అంటాం. మనిషిని కాంటాలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క అంత బరువు బెల్లం పెట్టి, దాన్ని సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర సమర్పిస్తాం. వరంగల్‌లో బెల్లం దుకాణం ముందు పెద్ద కాంటాకు తాళ్లు కట్టి ఉంది. వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా ఎక్కి కూర్చున్నాను. బెల్లం పెడుతూ పెడుతూ, ఇంకా పెట్టాల్సి ఉంటుందనుకుని అబ్బాయి చేతిలో ఒక ముద్ద పట్టుకున్నాడు. ఈలోపే నా వైపు పైకి లేచింది. 2024 జాతరప్పుడు నేను 82. అమ్మ ఆ లెక్కనే మనసులో పెట్టుకుని డబ్బులు తెచ్చినట్టుంది, మిగిలిన నోట్లు మడిచి కొంగున కట్టుకుంది. దుకాణం పెద్దాయన నవ్వి "తల్లికి నష్టం జేసినవ్ గదమ్మా" అన్నాడు. నా బరువు గురించి ఈ రెండేళ్లలో నేను విన్న మాటల్లో మనసుకు నచ్చింది అదొక్కటే.

ఇక వ్యాపారం సంగతి. తగ్గడానికి ఫొటోలుంటాయి. ముందు, తర్వాత. ఆ తర్వాతకు తర్వాత ఏమైందో ఎవరూ ఫొటో పెట్టరు. ఐదేళ్లుగా 63లోనే ఉన్న ఆడమనిషి ఫొటోకు లైకులు రావు, ఆమెకు అమ్మడానికి ప్యాకేజీ కూడా లేదు. మళ్లీ పెరిగినావిడ మాత్రం మళ్లీ ఫీజు కడుతుంది. ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవసరమైనవాళ్లకు డాక్టరు రాస్తే మంచిదే, నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ వాడి ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గినదాంట్లో సగటున మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఇంజెక్షనైనా, డైటైనా, జిమ్మైనా, ఆపాక ఏం చేయాలో మొదటి రోజే చెప్పనివాళ్ల దగ్గరికి పోవద్దంటాను.

ఎందుకంటే ఒళ్లు ఊరుకోదు. 63 కిలోల మనిషికి 82 కిలోల మనిషి తిండి అక్కర్లేదు, అది తేలికగానే అర్థమవుతుంది. అర్థం కానిది ఇంకోటుంది. బాగా తగ్గినప్పుడు ఒళ్లు, గ్యాస్ బండ అయిపోతుందేమోనని ఇల్లాలు మంట తగ్గించినట్టు, ఖర్చు ఇంకా తగ్గించేసుకుంటుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి, కడుపు నిండిందని చెప్పేవి తగ్గుతాయి. తగ్గిన ఏడాది తర్వాత కూడా అవి పూర్తిగా సర్దుకోలేదని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అమెరికాలో టీవీ పోటీ కోసం విపరీతమైన వ్యాయామంతో ఆగమాగం తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఉన్నచోట కూర్చుంటే ఖర్చయ్యే కేలరీలు ఉండాల్సినదానికంటే రోజుకు సగటున దాదాపు 500 తక్కువగా ఉన్నాయి. చాలామంది బరువు చాలావరకు తిరిగొచ్చింది. కాబట్టి నిలబెట్టుకోవడమంటే విశ్రాంతి అని ఎవరూ అనుకోవద్దు. అది వేరే పని. ఒంట్లో కాస్త ఓపిక మిగిలి ఉండగానే ఆ పని మొదలుపెట్టాలని నా వాదన. చివరి నాలుగు కిలోలకు ఓపికంతా ఊడ్చి పెట్టేసి, 59 చూసిన మర్నాడు బిర్యానీ మీద పడి, దీపావళికల్లా 70కి చేరిన మనుషులు నాకు తెలుసు. వాళ్లను చూస్తే జాలే గానీ, ఆశ్చర్యం లేదు.

నేను ఎట్లా ఆపుతున్నానో చెప్తాను, ఇదే మంత్రమని కాదు. ఒకేసారి పాత తిండికి పోలేదు. ముందు పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక గరిటె అన్నం కలిపి, రెండు వారాలు చూశాను. కాంటా కిలోన్నర ఎక్కువ చూపించింది. ఇక్కడే చాలామందికి గుండె జారి మళ్లీ డైట్‌లోకి పోతారు. అది కొవ్వు కాదు. ఒంట్లో ఖాళీ అయిన గ్లైకోజెన్, అంటే ఒళ్లు దాచుకునే చక్కెర నిల్వ, మళ్లీ నిండుతుంది, దాని ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందైనా అంతే. అందుకే నాకు ఒక అంకె లేదు, 62 నుంచి 65 దాకా చోటుంది. వారానికోసారి చూసుకుంటాను. 65 దాటి రెండు వారాలు దిగకపోతే రాత్రి తిండి కాస్త తగ్గిస్తాను. నడకతో పాటు బరువులెత్తడం మాత్రం పెంచాను. తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, నలభై దాటిన ఆడదానికి దాన్ని తిరిగి తెచ్చుకోవడమే పెద్ద పని.

ఇంకో పరీక్ష కూడా పెట్టుకున్నాను, ఇది ఏ కోచూ చెప్పదు. నేను ఉండబోయే బరువు దగ్గర ఏడాదిలో పండుగలన్నీ ఇమడాలి. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు వేడి వేడిగా రెండు తినకుండా ఎట్లా, చుట్టేదాన్ని నేనే కదా. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున పక్కింటి వదిన సత్తుపిండి చేతిలో పెడితే కేలరీలెన్ని అని అడుగుతామా. దసరాకు మటన్ ఉండాలి. ఇవన్నీ ఉన్నా 63 నిలుస్తుంది, మామూలు రోజుల్లో బుద్ధిగా ఉంటే చాలు. 59 నిలవదు. 59లో ఉండాలంటే నేను పండుగకు వచ్చిన చుట్టంలా ఓ మూల కూర్చోవాలి.

ఇది చదివి "అక్కా, నేనూ ఆగిపోతా" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు కాస్త ఆగండి. నడుం ఇంకా 95 ఉండి, షుగర్ గీత పైనే ఉండి, లివర్‌లో కొవ్వుందని రిపోర్ట్ వచ్చినవాళ్లకు ఈ పోస్ట్ సాకు కాదు. మోకాళ్ల డాక్టరో, షుగర్ డాక్టరో ఫలానా అంకె చెప్తే దానికి కారణం ఉంటుంది, ఆయననే అడగండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించినా పెంచినా డాక్టరుకు చెప్పాకే. అటువైపు, ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలు కొందరు 48లో ఉండి 44కు రావాలని మధ్యాహ్నం టిఫిన్ డబ్బా అట్లాగే ఇంటికి తెస్తున్నారు. నెలసరి ఆగిపోయినా అమ్మకు చెప్పడం లేదు. వాళ్లు ఎప్పుడో ఆగాల్సింది. అమ్మలూ, పిల్ల డబ్బా తెరిచి చూడండి, అనుమానముంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

నా సంగతికొస్తే, మూడు నెలల షుగర్ పరీక్ష మళ్లీ వచ్చే నెలలో ఉంది. 5.7 దాటినా, నడుం 80 మీదికి పోయినా తగ్గే పని మళ్లీ మొదలుపెడతాను, ఎవరూ చెప్పక్కర్లేదు. దాటకపోతే పాత బ్లౌజులు దర్జీకి ఇచ్చి శాశ్వతంగా చిన్నవి చేయిస్తాను. కుట్లు విప్పుకునేందుకు లోపల బట్ట వదలాలా అని అతను అడిగాడు. ఒక్క అంగుళం వదలమన్నాను.